వెలుగును కొలుచు విద్య

లోకమున ప్రతి వృత్తికిని రెండు భాగములు గలవు. ఒకటి చెప్పి నేర్పదగినది. రెండవది చూచి చూచి అలవరచుకొనవలసినది. మొదటిదానిని ఎవ్వరైనను నేర్వవచ్చును. రెండవది గురువు చేతిలోనో కంటిలోనో దాగియుండి, ఆయన దయ గలిగిననాడు శిష్యునికి దక్కును. లేనినాడు ఆయనతోనే అంతరించును. వృత్తిలోనికి కొలత ప్రవేశించినపుడెల్ల ఈ రెండవ భాగము తగ్గి మొదటి భాగము పెరుగును. ధాన్యమునకు కుంచము వచ్చెను. బట్టకు గజము వచ్చెను. ప్రొద్దునకు గడియారము వచ్చెను. అంగడివాని మాటను గ్రుడ్డిగా నమ్మవలసిన అగత్యము కొనువానికి అంతమేరకు తప్పెను. ఛాయాచిత్రకళ పుట్టిన పిమ్మట దాదాపు వందయేండ్లవరకు, చూచినంతనే వెలుగు నింతయని చెప్పు కుంచము మాత్రము సామాన్యుని చేతికి రాలేదు. అది ఎట్లు వచ్చినది, వచ్చి రేంజిఫైండరు కెమేరాలోనికి ఎట్లు ప్రవేశించినది, ప్రవేశించిన పిదపను మనుష్యుని వివేకమునకు ఏమి పని మిగిలియున్నది అను విషయములను మేమీ వ్యాసమున విచారింపదలచితిమి.

కొలువవలసినదేమో ముందుగా తెలియవలెను. ఫిల్ముపై పూయబడిన వెండి లవణములు వెలుగు సోకినచో మార్పు చెందును. ఆ వెలుగు తగినంతయే సోకవలెను. పొలమునకు నీరు పెట్టు రైతును తలచుకొన్నచో ఈ సంగతి సులభముగా బోధపడును. తూము ఎంత ఎత్తెను, ఎంతసేపు ఎత్తియుంచెను, ఆ నేల ఎంత నీటిని కోరును అను మూడును కలిసి మడి తడియుటయో మునుగుటయో ఎండుటయో నిర్ణయమగును. కెమేరాలో తూమునకు సమానమైనది కటకములోని రంధ్రము. దానిని 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను అంకెలతో గుర్తింతురు. అంకె ఒక మెట్టు పెరిగినచో లోనికి వచ్చు వెలుగు సగమగును. ఎంతసేపు అనుదానిని షట్టరు పాలించును. సెకండులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు అని అదియు మెట్టుమెట్టునకు సగమగుచుండును. ఫిల్ముయొక్క గ్రహణశక్తి నేల స్వభావమువంటిది. 100 అంకెగల ఫిల్ము కోరు వెలుగులో నాలుగవ వంతు 400 అంకెగల ఫిల్మునకు చాలును. ఈ మూడును మన చేతిలోనివే. కాలువలో పారు నీటివంటిదగు నాలుగవది, అనగా ఎదుటి దృశ్యమునుండి వచ్చు వెలుగు, మన చేతిలోనిది కాదు. దానినే కొలువవలసియున్నది.

కన్ను దానిని కొలువజాలదా యని అడుగవచ్చును. కన్ను చూచుటకు పుట్టినదిగాని కొలుచుటకు పుట్టినది కాదు. మిట్టమధ్యాహ్నపుటెండలో నేలపై పడు వెలుగు, రాత్రి దీపముక్రింద పుస్తకముపై పడు వెలుగునకంటె కొన్ని వందల రెట్లు అధికము. అయినను కంటిపాప చిన్నదియు పెద్దదియు నగుచు, కంటి లోపలి పొర తన చురుకుదనమును మార్చుకొనుచు, ఈ అంతరమును మనకు తెలియనీయవు. ఎండనుండి ఇంటిలోనికి వచ్చినవాడు కొంచెము సేపు తడుముకొని, తరువాత అంతయు మామూలుగానే చూచును. బ్రతుకునకిది వరము, వెలుగును లెక్కింపవలసినవానికి ఇదియే చిక్కు. ఫిల్మునకు ఇట్టి సర్దుబాటు తెలియదు. కన్ను క్షమించిన పొరపాటును అది క్షమింపదు.

1839వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీన, డాగ్యురు కనిపెట్టిన చిత్రపద్ధతిని పారిసు నగరమున ఆరాగో పండితుడు సభలో వెల్లడించెను. నాటి పలకలకు నిమిషములకొలది వెలుగు చూపవలసియుండెను. నిమిషముల లెక్కలో కొన్ని సెకండుల తేడా అంతగా బాధింపదు. మూత తీసి, నోటితో అంకెలు లెక్కించి, మరల మూత పెట్టుటయే నాటి పద్ధతి. 1871లో మాడాక్సు అను ఆంగ్లేయ వైద్యుడు జెలటినుతో చేసిన పొడిపలకల మార్గమును చూపెను. అవి బాగుపడినకొలది గ్రహణశక్తి పెరిగి, వెలుగు చూపు కాలము సెకండునకును లోపునకు దిగెను. అప్పటినుండి అంచనా తప్పుటకు అవకాశము హెచ్చయ్యెను.

హైదరాబాదున ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు ఆ కాలమువాడే. ఆయన గాజుపలకలపై నిలిపిన కోటలును, దర్బారులును, రాచమూకలును నేటికిని చూపరులను ఆశ్చర్యపరచుచున్నవి. విద్యుత్తుతో నడచు కాంతిమాపకము ఛాయాగ్రాహకుల చేతికి రాని రోజులవి. అట్టి కంటిని మేము గౌరవింతుము. కాని 1905లో ఆయన గతించినపుడు ఆ కన్నును గతించెను. అది శిష్యులకు ఎంత చిక్కెనో అంతయే లోకమునకు మిగిలెను. ఒకరి నేర్పు ఎంత గొప్పదైనను, అది పదిమందికి పంచుటకు వీలుపడు రూపమును పొందువరకు లోకమునకు ఆస్తి కాజాలదు.

ఆ రూపమును మొదట వెదకినవారు చిత్రకారులు కారు, కర్మాగారపు ఉద్యోగులు. ఇంగ్లండులో విడ్నెస్ అను పట్టణమున క్షారములు తయారుచేయు కర్మాగారమున ఫెర్డినాండు హర్టరు అను స్విట్జర్లాండు దేశపు రసాయనవేత్తయు, వీరో చార్లెస్ డ్రిఫీల్డు అను ఇంజనీరును పనిచేయుచుండిరి. డ్రిఫీల్డునకు ఛాయాచిత్రములు తీయు సరదా కలదు. కర్మాగారమున ప్రతిదానిని తూచి కలుపువారికి, ఛాయాచిత్రములలో మాత్రము అంతయు ఊహపై నడచుట రుచింపలేదు. వారు 1888లో ఆక్టినోగ్రాఫు అను లెక్కపరికరమునకు పేటెంటు పొందిరి. ఋతువును, పగటి గడియను, ఆకాశస్థితిని, పలక వేగమును జతపరచినచో ఎంతసేపు వెలుగు చూపవలయునో అది తెలుపును. 1890లో వారు ప్రకటించిన వ్యాసము అంతకంటెను ముఖ్యమైనది. పలకపై పడిన వెలుగునకును, దానిపై ఏర్పడిన నలుపునకును గల సంబంధమును వారు గీతగా గీసి చూపిరి. ఆ గీత నడిమి భాగమున ఇంచుమించు తిన్ననైయుండి, రెండు కొనలయందు వంగిపోవును. తిన్నని భాగమున దృశ్యములోని వెలుగునీడల తారతమ్యము న్యాయముగా నిలుచును; వంగిన భాగములందు అది అణగిపోవును. వెలుగు తక్కువైనను ఎక్కువైనను చిత్రము చెడుటకు కారణము దీనివలన స్పష్టమయ్యెను. పలకల వేగమును అంకెలతో తెలుపు ఆచారమును వీరివలననే బలపడెను.

లెక్క ఏర్పడినదిగాని, ఎదుట నున్న వెలుగును కొలుచు సాధనము వేరుగా కావలసియుండెను. హెరిఫర్డు పట్టణమువాడైన ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్సు దీనికి సులభమైన ఉపాయము పన్నెను. వెలుగు తగిలి నల్లబడు కాగితపు ముక్కను చిన్న కిటికీగుండ ఎండకు చూపి, ప్రక్కననే యుంచిన నమూనా రంగుతో అది సమానమగుటకు ఎన్ని సెకండులు పట్టెనో లెక్కింపవలెను. ఆ సెకండులను బట్టి పలకకు చూపవలసిన కాలము తేలును. జేబుగడియారమువంటి రూపముతో ఆయన అమ్మిన ‘బీ’ మీటరు మిక్కిలి వ్యాప్తి జెందెను. అది సామాన్యుల కందిన మొదటి కొలతలలో నొకటి. అయినను దానికి రెండు లోపములు గలవు. వెలుగు తక్కువైన చోట కాగితము నల్లబడుటకు చాలసేపు పట్టును. అంతలో దృశ్యమే మారిపోవచ్చును. మరియు ఆ కాగితము నీలి కాంతికే విశేషముగా స్పందించును; ఎఱుపు పసుపులను దాదాపుగా గుర్తింపదు.

అసలు మార్గము సముద్రగర్భమునుండి వచ్చెను. 1873లో విల్లోబి స్మిత్ అను ఇంజనీరు సముద్రములో వేయు తంతితీగలను పరీక్షించుటకు సెలీనియము కడ్డీలను వాడుచు, వెలుగు పడినపుడు వాని విద్యున్నిరోధము తగ్గుచున్నదని ప్రకటించెను. 1876లో ఆడమ్సు, డే అను ఇద్దరు పండితులు సెలీనియముపై వెలుగు పడినపుడు దానియందు విద్యుత్తే పుట్టుచున్నదని చూపిరి. వెలుగు విద్యుత్తగునేని, విద్యుత్తు సూదిని కదల్చునేని, సూది అంకెను చూపునేని, వెలుగునకు అంకె దొరకినట్లే. ఈ మూడు మెట్లను ఒక చిన్న పెట్టెలో నిముడ్చుటకు మాత్రము అర్ధశతాబ్దికి పైగా పట్టెను. అమెరికాలో నూయార్కు నగరపు టండనున్న నూవర్కులో విద్యుత్పరికరములు చేయు వెస్టన్ సంస్థ 1932లో ఛాయాగ్రాహకులకొరకు సెలీనియపు మీటరును విక్రయమునకు తెచ్చెను. దానికి బాటరీ అక్కరలేదు. దానికి శక్తి వెలుగే. ఎవ్వడు పట్టుకొన్నను సూది అదే అంకెను చూపును. గురువు పట్టుకొన్నను శిష్యుడు పట్టుకొన్నను అంతే. ఈ సమానత్వమును చిన్నదిగా నెంచరాదు.

ఇదే కాలమున కెమేరాయును మారుచుండెను. జర్మనీలో వెట్జ్‌లార్ పట్టణపు లైట్జ్ కర్మాగారమున ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్జిగ్ సంతలో ప్రజలకు చూపబడెను. సినిమా ఫిల్మును వాడు ఈ చిన్న కెమేరా జేబులో నిముడును. 1932లో లైకాయొక్క రెండవ రూపమును, డ్రెస్డెను నగరపు జైస్ ఐకాన్ వారి కాంటాక్సును రేంజిఫైండరుతో వెలువడెను. రేంజిఫైండరనగా దూరమును కొలుచు సాధనము. కెమేరా ముఖమున ఎడముగా నున్న రెండు కిటికీలనుండి రెండు బింబములు వచ్చును. కటకమును త్రిప్పినకొలది అవి దగ్గర కగును. రెండును ఒకటియైనపుడు దూరము సరిపోయినట్లు. ఇట్లు దూరమునకు కొలత కెమేరాలోనే కుదిరెను. వెలుగునకు కొలత ఇంకను బయటనే యుండెను. చేతిలో ఒక యంత్రము, మెడలో మరియొక యంత్రము! మీటరును చూచి, అంకెను గుర్తుంచుకొని, కెమేరాపై దానిని అమర్చునంతలో ఎదుటి మనుష్యుడు నవ్వుట మానివేయును.

1936లో కాంటాక్సుయొక్క మూడవ రూపమున కెమేరా నెత్తిపైననే సెలీనియపు మీటరు కూర్చుండెను. అయినను సూది చెప్పిన అంకెను చదివి, రంధ్రమును షట్టరును మన చేతితోనే మార్చుకొనవలసియుండెను. మీటరునకును షట్టరునకును నడుమ బంధుత్వము లేదు. 1954లో వచ్చిన లైకా ఎమ్3కు విడిగా అమ్మిన చిన్న మీటరు కెమేరాపైకి జారి షట్టరు చక్రమును పట్టుకొనెడిది. చక్రమును త్రిప్పగా ఆ కాలమునకు తగిన రంధ్రపు అంకెను సూది చూపెడిది. ఈ మీటరులన్నిటికిని ఒకటే లోపము. అవి తమ కంటితో చూచునవిగాని కెమేరా కంటితో చూచునవి కావు. దూరమునున్న ముఖమును దగ్గరగా చూపు కటకమును బిగించినను, మీటరు మాత్రము ఆకాశమును, వీధిని, చుట్టునున్న గోడలను కలిపి చూచి సగటు చెప్పును. కటకముముందు రంగుటద్దమును పెట్టినచో అది హరించు వెలుగు మీటరునకు తెలియదు.

అయినను ఆ కాలపు ఘనకార్యములు తక్కువవి కావు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే-బ్రెస్సాన్ 1948 జనవరి 30వ తేదీన గాంధీమహాత్ముని దర్శించెను. ఆనాటి సాయంకాలమే మహాత్ముడు హత్యకు గురియయ్యెను. పిమ్మట జరిగిన అంత్యయాత్రను ఆయన తన లైకాతో చిత్రించెను. ఆ లైకాలో వెలుగును కొలుచు సాధనమేదియు లేదు. ఇట్టివానిని చూపి, నిజమైన ఛాయాగ్రాహకునికి మీటరుతో పనియేమని కొందరందురు. మేము దీనిని అంగీకరింపము. గొప్ప ఈతగాడున్నాడని నదిపై వంతెన అక్కరలేదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. వంతెన ఈతగానికొరకు కాదు, తక్కినవారికొరకు.

1960 తరువాత మీటరులలో సెలీనియమునకు బదులు కాడ్మియము సల్ఫైడు ప్రబలెను. ఇది తానుగా విద్యుత్తును పుట్టింపదు. బాటరీనుండి వచ్చు విద్యుత్తును వెలుగునుబట్టి ఎక్కువతక్కువలుగా పోనిచ్చును. సెలీనియమునకంటె ఎంతో చిన్నది, మసకవెలుగునను పనిచేయును. కాని ఎండను చూచిన వెంటనే నీడను చూపినచో, కొంతసేపు ఎండ జ్ఞాపకము దానిని విడువదు. చిన్నదగుటచేత దీనిని కెమేరా గర్భములోనే పెట్టవచ్చుననెడి ఆశ కలిగెను. అద్దముతో పనిచేయు ఎస్.ఎల్.ఆర్. కెమేరాలలో ఇది సులభము. వానియందు కటకమునుండి వచ్చిన వెలుగే అద్దముపై పడి కంటికి చేరును గనుక, ఆ దారిలో నొకచోట మీటరును కూర్చుండబెట్టిన చాలును. జపానువారు 1963లో టాప్కాన్‌తోను, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌తోను దీనిని సాధించిరి. రేంజిఫైండరులో అట్టి దారి లేదు. చూచు కిటికీ వేరు, ఫిల్మును చేరు త్రోవ వేరు. కటకమునకు వెనుక షట్టరు తెరయే యున్నది. తెర వెనుక ఫిల్మున్నది. నడుమ మీటరును పెట్టినచో అది ఫిల్మునకు అడ్డమగును. పెట్టకున్నచో వెలుగును చూడజాలదు. ఇదియే చిక్కుముడి.

దీనిని విప్పుటకు లైకావారు రెండు ప్రయత్నములు చేసిరి. మొదటిది 1971లో వెలువడిన ఎమ్5. ఫిల్మును ముందునకు త్రిప్పినపుడు ఒక సన్నని చేయి లేచి, తన కొనయందున్న కాడ్మియపు కంటిని కటకమునకు వెనుక, తెరకు ముందు నిలుపును. అది కటకమునుండి వచ్చు వెలుగును సూటిగా చూచి సూదికి తెలుపును. మీట నొక్కగానే, తెర తెరచుకొనుటకు ముందే, చేయి ప్రక్కకు తొలగి దాగును. రాజు వచ్చుచుండగా దారినుండి తప్పుకొను వేత్రహస్తునివంటిది ఆ చేయి. యుక్తి చక్కనిదేగాని దానికి చెల్లింపవలసిన మూల్యము పెద్దది. కెమేరా పెద్దదియు బరువైనదియు నయ్యెను. లోపలికి లోతుగా చొచ్చుకొనివచ్చు కొన్ని కటకములతో ఆ చేయి పనిచేయజాలదు. దానికి వాడిన పాదరసపు బాటరీలను తరువాతి కాలమున విషదోషముచే అనేక దేశములు నిషేధించెను. 1973లో మినోల్టావారితో కలిసి చేసిన చిన్నదగు సి.ఎల్. కెమేరాలోను ఇట్టి చేయియే యున్నది. ఎమ్5ను కొనువారు చాలినంతమంది దొరకలేదు. 1975లో దాని తయారీ నిలిచిపోయెను. తరువాత కెనడాలో తయారైన ఎమ్4-2 మరల మీటరు లేకయే వచ్చెను. ముందునకు వేసిన అడుగును వెనుకకు తీసికొన్నట్లయ్యెను.

రెండవ ప్రయత్నము 1984లో ఎమ్6 రూపమున వచ్చినది. ఇందు కదలు చేయి లేదు. షట్టరు మొదటి తెర నడుమ 12 మిల్లీమీటరుల వెడల్పుగల తెల్లని చుక్కను వేసిరి, అంతే! ఫిల్మును త్రిప్పినపుడు ఆ చుక్క కటకమునకు ఎదురుగా నిలుచును. కటకమునుండి వచ్చిన వెలుగు చుక్కపై బడి, వెనుకకు ప్రతిఫలించి, కటకమును బిగించు వలయము వెనుక ఒక మూలనున్న సిలికాన్ కంటికి చేరును. సిలికాన్ చురుకైనది, వెనుకటి వెలుగును జ్ఞాపకముంచుకొనదు, తిరిగి వచ్చిన కొద్దిపాటి వెలుగును గూడ గుర్తించును. మీటరు కన్ను ఫిల్మునకు అడ్డమురాక దారిప్రక్కన నిలిచి, గోడపై బడిన వెలుగును చూచి దారిలో వచ్చుదానిని ఊహించుచున్నదన్నమాట. ఆ చుక్క వైశాల్యము ఫిల్ముచట్రములో నూటికి 13 పాళ్లు. కావున అది దృశ్యమంతటిని గాక నడిమి భాగమునే కొలుచును. పొడవైన కటకమును బిగించినచో అంతకు తగినట్లుగ ఇరుకైన భాగమునే చూచును. ముందు పెట్టిన రంగుటద్దము హరించినదానిని హరించినట్లే లెక్కించును. పూర్వపు మీటరుల లోపము దీనితో తీరెను.

చూచు కిటికీలో రెండు ఎఱ్ఱని బాణపుగుర్తులు గలవు. మీటను సగము నొక్కినచో అవి వెలుగును. వెలుగు చాలకున్న ఒకటి, అధికమైన రెండవది ప్రకాశించుచు, రంధ్రపు వలయమును ఎటు త్రిప్పవలెనో తన మొనతో చూపును. రెండును సమముగా వెలిగినపుడు లెక్క సరిపోయినట్లు. బాటరీ ఈ కొలతకు మాత్రమే. అది తీరిపోయినను షట్టరు నడచును, చిత్రము తీయవచ్చును. ఈ యేర్పాటునందు ఒక నీతి గలదని మాకు తోచుచున్నది. యంత్రము సలహా చెప్పును, నిర్ణయము మనుష్యునిదే.

నిర్ణయమును గూడ యంత్రమునకే అప్పగించు ప్రయత్నములు అంతకు చాలముందే జరిగినవి. కోడక్ సంస్థ 1938లో తెచ్చిన సూపర్ సిక్స్-20 అను కెమేరా వెలుగునుబట్టి తన రంధ్రమును తానే అమర్చుకొనెను. 1966లో వచ్చిన యాషికా ఎలెక్ట్రో 35 అను జపాను రేంజిఫైండరు షట్టరు కాలమును తానే నిర్ణయించెను. లైకాయు 2002లో ఎమ్7తో ఆ దారి పట్టెను. ఇవి ఎందరికో ఉపకరించినవి. వానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని యంత్రము చేయు నిర్ణయము దేనిపై నాధారపడియున్నదో తెలిసికొనకుండ దానికి తలయొగ్గుట వివేకము కాదు. ఇక ఆ ఆధారమును పరిశీలింతము.

దృశ్యమునుండి తిరిగి వచ్చు వెలుగును కొలుచు మీటరు ఏదైనను, సెలీనియముది కానిండు, సిలికానుది కానిండు, ఒక్క ఊహపైననే నిలిచియున్నది. ఎదుటనున్నదంతయు కలిసి సగటున నడితరపు బూడిదవన్నెయై యుండునని దాని నమ్మకము. తనపై పడిన వెలుగులో సుమారు నూటికి 18 పాళ్లను తిరిగి పంపు బూడిదవన్నె కార్డు ఇట్టి నడితరమునకు వాడుకలోనున్న గుర్తు. ఎదుటిది తెల్లనిదో నల్లనిదో మీటరునకు తెలియదు; ఎంత వెలుగు వచ్చినదో మాత్రమే తెలియును. సున్నము కొట్టిన గోడను చూపినచో, వెలుగు ఎక్కువగా నున్నదని తలచి తగ్గింపుమనును, గోడ బూడిదయగును. ఎనుబోతును చూపినచో, వెలుగు తక్కువయని తలచి పెంపుమనును, ఎనుబోతును బూడిదయగును. మీటరు అబద్ధమాడలేదు. మనమడిగిన ప్రశ్నకే సమాధానము చెప్పినది. మనమడుగవలసిన ప్రశ్న వేరు.

ఈ రహస్యమును క్రమబద్ధమైన విద్యగా నేర్పినవారు అమెరికాలో ఆన్సెల్ ఆడమ్సు, ఫ్రెడ్ ఆర్చరు అనువారు. 1940 ప్రాంతమున వారు కడు నలుపునుండి తెలుపువరకు గల వన్నెలను మెట్లుగా విభజించి, మీటరు చూపునది నడిమి మెట్టని, తాను చూచినది ఏ మెట్టున నుండవలెనో ఛాయాగ్రాహకుడే నిశ్చయించుకొని అంతమేరకు హెచ్చింపవలెననియో తగ్గింపవలెననియో బోధించిరి. 1941లో ఆడమ్సు నూమెక్సికోలోని హెర్నాండెజ్ అను పల్లెమీద చంద్రోదయమును చూచి కారు నాపెను. సమాధుల శిలువలపై పడమటి ఎండ జారిపోవుచుండెను. మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని కాంతి చదరపు అడుగునకు 250 కాండిలులని ఆయనకు జ్ఞాపకము వచ్చెను. చంద్రుని నడిమి మెట్టునకు రెండు మెట్లు పైన నుంచి, మనసులో లెక్కగట్టి, ఒక సెకండు వెలుగు చూపి చిత్రము తీసెను. రెండవది తీయునంతలో ఎండ పోయెను. ఈ కథను మీటరు అక్కరలేదనుటకు కొందరు సాక్ష్యముగా చూపుదురు. నిజమునకు ఇది విపర్యయము. కొలతను అంతగా జీర్ణించుకొన్నవాడు గనుకనే కొలసాధనము లేనినాడును ఆయన కొలువగలిగెను.

ఈ విచారము మనకు దూరపుదేశపు ముచ్చట కాదు. మన పెండ్లిపందిరిని తలచుకొనుడు. తెల్లని పంచెలు, తెల్లని చొక్కాలు, సున్నపు గోడ, నడుమ చామనచాయ ముఖములు. మీటరు ఆ తెలుపునంతటిని చూచి వెలుగును తగ్గింపుమనును. ఛాయాగ్రాహకుడు మారుమాటాడక తగ్గించును. పంచెల తెలుపు నలిగి, ముఖములు మసియగును. అప్పుడు నింద ఎవరిపై బడును? మీటరుపై బడదు, ఛాయాగ్రాహకునిపై బడదు. పిల్ల నల్లనిది గనుక ఫోటో బాగుగా రాలేదందురు. వెంటనే పౌడరు డబ్బా వచ్చును, నెగటివుపై పెన్సిలు వచ్చును. కన్నుల కాంతి, బుగ్గల నునుపు, నుదుటి గీత, అన్నియు ఆ ముఖమున నుండెను. వానిని ఫిల్ముపైకి తెచ్చుటకు చాలినంత వెలుగును ఇచ్చినవాడు లేడు. లెక్క తప్పును జన్మపు తప్పుగా ఆడపిల్ల నెత్తిన వేయుటకంటె అన్యాయమేమున్నది?

ప్రమాణమును ఎవరు ఏర్పరచిరో, ఎవరిని చూచి ఏర్పరచిరో అని అడుగుట ప్రతి కొలతయందును అవసరమే. రంగుల ఫోటోలు వ్యాపించిన కాలమున, అచ్చువేయు యంత్రములను సరిదిద్దుకొనుటకై కోడక్ సంస్థ ప్రయోగశాలలకు నమూనా చిత్రములను పంపెడిది. అందు తెల్లజాతి యువతి యుండెడిది. మొదటి యువతి పేరునుబట్టి వానికి షర్లీ కార్డులని పేరు వచ్చెను. ఆ చర్మము సరిగా కనబడినచో యంత్రము సరిగా నున్నదని లెక్క. తక్కిన లోకపు చర్మములు సరిగా వచ్చినవా యని విచారించుట దశాబ్దములవరకు ఆచారము కాలేదు. బహువర్ణముల స్త్రీలతో నమూనాలు తరువాత గాని రాలేదు. మీటరు బూడిదవన్నె ఏ జాతిదియు కాదు గనుక, దానియందు ఇట్టి పక్షపాతము లేదు. కాని దాని నమ్మకమును తెలియనివాని చేతిలో అదియు పక్షపాతమే చేయును.

నివారణ కష్టమైనది కాదు. దృశ్యమంతటిని గాక ముఖమునే దగ్గరగా కొలిచి, అది నడిమి వన్నెకు ఎన్ని మెట్ల పైనో క్రిందనో నిశ్చయించుకొనవలెను. లేదా, దృశ్యమునుండి తిరిగివచ్చు వెలుగును మాని, దృశ్యముపై పడు వెలుగునే కొలువవలెను. తెల్లని గుబ్బగల మీటరులు ఇందుకే యున్నవి. పడు వెలుగు పంచెపైనను ముఖముపైనను ఒకటే. ఎవరి వన్నెతోను దానికి పనిలేదు. ఇవేవియు లేనివానికి అరచేయి చాలును. తన అరచేతిని ముఖముపై పడు వెలుగునందే యుంచి కొలిచి, ఒక మెట్టు అధికముగా వెలుగు నిచ్చినచో లెక్క ఇంచుమించుగా సరిపోవును. మనుష్యుల మేనిరంగు ఎంత వేరైనను అరచేతుల రంగులో భేదము స్వల్పము.

ఎమ్6 తయారీ 2002లో ఆగి, ఇరువది యేండ్లకు 2022లో మరల ఆరంభమయ్యెను. నడుమ 2014లో, మీటరే లేని ఎమ్-ఎ అను ఫిల్ము కెమేరాయును లైకావారు తెచ్చిరి. రెంటికిని కొనువారున్నారు. ఫిల్మును మరల చేతబట్టుచున్న యువకులు నేడు అనేకులు. వారిలో కొందరు మీటరును పూజింతురు, కొందరు పరిహసింతురు. ఈ రెండును అజ్ఞానమునుండి వచ్చునవే. మీటరు సాక్షి, న్యాయాధిపతి కాదు. సాక్షిని వినకుండ తీర్పు చెప్పరాదు. సాక్షి చెప్పినదే తీర్పనియు అనుకొనరాదు. విద్య నేర్పువారు శిష్యులకు అంకెను చదువుట మాత్రమే నేర్పి ఊరకుండక, ఆ అంకె వెనుకనున్న ఊహను గూడ నేర్పవలయునని మా ప్రార్థన. అప్పుడు గాని గురువు కంటిలోనుండి బయటికి తెచ్చిన విద్య నిజముగా పదిమందిది కాజాలదు.